ఇల్లు మారాక కుక్క ఇంట్లోనే మూత్రం పోస్తుంటే చేయవలసినవి

ఏళ్ల తరబడి ఇంట్లో ఒక్క చుక్క కూడా పోయని కుక్క, ఇల్లు మారిన వారం పది రోజుల్లోనే సోఫా కాలి దగ్గరో, వంటగది గడప పక్కనో మూత్రం పోయడం చాలా కుటుంబాలకు అనుభవంలో ఉన్న విషయమే. దేవరకొండ, అచ్చంపేట, కల్వకుర్తి వంటి చోట్ల నుంచి పిల్లల చదువుల కోసమో, ఉద్యోగం బదిలీ అయ్యో నల్లగొండకు గాని మహబూబ్‌నగర్‌కు గాని కిరాయి ఇంటికి మారినవారు, సామానుతో పాటు కుక్కనూ తెచ్చుకున్నప్పుడు ఈ ఇబ్బంది మరీ ఎదురవుతుంది. అది మొండికేసిందని, ఇల్లు మార్చినందుకు కక్ష తీర్చుకుంటున్నదని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. కుక్కకు అటువంటి కక్ష ఉండదు. దానికి తెలిసిన ఆనవాళ్లన్నీ ఒక్క రోజులో మాయమయ్యాయి, అంతే.

పాత ఇంట్లో దానికి ఒక క్రమం ఉండేది. పొద్దున తలుపు తీయగానే వాకిలి దాటి, కొట్టం వెనుక చెలక మట్టిలో, వేపచెట్టు మొదట్లో పోసి వచ్చేది. కాళ్ల కింద మెత్తటి దుబ్బ, నిన్నటి తన మూత్రపు వాసన, ఆ వేళ, ఆ దారి, ఈ నాలుగూ కలిస్తేనే అది కుక్క లెక్కలో పోయదగిన చోటు. కొత్త ఇంట్లో లోపలా బయటా ఒకే రకం టైల్సో బండలో ఉంటాయి, గ్రిల్లుకు ఎప్పుడూ గొళ్లెం పెట్టి ఉంటుంది, దిగడానికి నున్నటి మెట్లు, గేటు దాటితే ముఖం తెలియని వీధి కుక్కలు. అందులోనూ భయపడిన కుక్క బయట నిలబడి మూత్రం పోయదు. పోసేటప్పుడు అది తనను తాను కాపాడుకోలేదు గనుక, చుట్టూ ముప్పు ఉన్నదనిపించినంత సేపూ బిగబట్టుకొని, ఇంట్లోకి వచ్చి కాస్త తేరుకోగానే వదిలేస్తుంది. అరగంట సేపు తిప్పుకొచ్చినా వచ్చీరాగానే హాల్లో పోసిందని విసుక్కునేవారు గమనించవలసింది దీనినే. కనుక ముందు భయం తగ్గించాలి, తరువాతనే చోటు నేర్పాలి. ఈ వరుస తప్పితే ఎన్నిసార్లు బయటకు తీసుకుపోయినా ఫలితం అంతంతమాత్రంగానే ఉంటుంది.

ముందు పశువైద్యునికి చూపించాలి

ఇల్లు మారిన రోజుల్లోనే జబ్బు కూడా మొదలై ఉండవచ్చు. అప్పుడు నేర్పడం వల్ల ప్రయోజనం ఉండదు. మాటిమాటికీ కొద్ది కొద్దిగా పోయడం, పోసేటప్పుడు మూలగడం, మూత్రంలో రక్తపు జీర కనిపించడం మూత్రనాళంలో ఇన్ఫెక్షనుకో, మూత్రాశయంలో రాళ్లకో గుర్తులు. నీళ్లు విపరీతంగా తాగుతూ ఎక్కువగా పోస్తుంటే చక్కెర వ్యాధినీ, మూత్రపిండాల జబ్బునూ అనుమానించాలి. దీనిని ఇంట్లోనే కొలవవచ్చు. పొద్దున గిన్నెలో కొలిచి పోసిన నీళ్లలో రాత్రికి ఎంత మిగిలిందో చూడాలి. కుక్క బరువులో ప్రతి కిలోకు 100 మిల్లీలీటర్లకు మించి, అంటే 20 కిలోల కుక్క రోజుకు 2 లీటర్ల పైన తాగుతుంటే తప్పక చూపించాలి. దురదకు ప్రెడ్నిసొలోన్ వంటి స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నా దాహమూ మూత్రమూ పెరుగుతాయి, కాబట్టి వాడుతున్న మందులన్నీ డాక్టరుకు చెప్పాలి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయిన ఆడకుక్క నిద్రలో తెలియకుండానే పక్క తడుపుతుంటే అది మందుతో చాలావరకు అదుపులోకి వచ్చే లోపం. ముసలి కుక్క రాత్రిపూట దిక్కుతోచనట్టు తిరుగుతూ పోస్తుంటే, వయసు వల్ల వచ్చిన మతిమరుపును ఇల్లు మారడం బయటపెట్టి ఉండవచ్చు.

మగ కుక్క కాలెత్తి ఎంత ముక్కినా చుక్క రాకపోతే మాత్రం ఆ రోజే, ఆ గంటలోనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ పశువైద్యశాలలో మొదటి పరీక్ష చేయించవచ్చు. స్కానింగు వంటివి అవసరమైతే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో, పీవీ నరసింహారావు పేరిట ఉన్న పశువైద్య విశ్వవిద్యాలయపు కళాశాల ఆసుపత్రి ఉన్నది. వెళ్లేటప్పుడు పొద్దున మొదటిసారి పోసిన మూత్రాన్ని శుభ్రమైన డబ్బాలో పట్టి, సాధ్యమైనంత త్వరగా అందజేస్తే పరీక్ష సులువవుతుంది.

ఏది ఎందుకు జరుగుతున్నదో పట్టుకోవడం

జబ్బు లేదని తేలాక మూడు నాలుగు రోజులు ఒక కాగితం గోడకు అంటించి, ఎప్పుడు, ఏ గదిలో, ఎంత పోసింది, అప్పుడు ఇంట్లో ఎవరున్నారు అన్నది రాయాలి. ఇది చాదస్తంగా తోచవచ్చు గాని, ఈ కాగితం లేకుండా ఊహ మీద చేసే ఏర్పాట్లలో సగం వృథా అవుతాయి.

నేల మీద పెద్ద మడుగుగా పోస్తే అది మామూలు విసర్జన. దానికి బయట చోటు దొరకడం లేదు, లేదా బయట పోయడానికి భయపడుతున్నది. తలుపు చట్రానికో, కొత్త మంచం కోటికో, సంచి అంచుకో నిలువుగా కొద్దిగా కొట్టి పోతే అది గుర్తు వేయడం. ఆపరేషన్ చేయించని మగ కుక్కలలో ఇది ఎక్కువ. మనకంటే ముందు అద్దెకున్నవారి కుక్క వాసన ఇంట్లో మిగిలి ఉన్నా, వీధి కుక్కలు గేటు మీద పోస్తున్నా మరీ పెరుగుతుంది. ఆపరేషన్ చాలా కుక్కలలో దీనిని తగ్గిస్తుంది గాని అన్నింటిలోనూ పూర్తిగా మాన్పించదు. ఇంటికి ఎవరైనా వచ్చినప్పుడు, తల మీదికి వంగి నిమరబోయినప్పుడు, గద్దించినప్పుడు తోక ముడిచి కింద వదిలేస్తే అది లొంగుబాటు. అటువంటి కుక్కను పలకరించేటప్పుడు పక్కకు తిరిగి కూర్చుని, అదే దగ్గరికి వచ్చేదాకా ఆగమని వచ్చినవారికి చెప్పాలి. మనం బయటకు పోయినప్పుడు మాత్రమే జరిగితే అది ఒంటరితనపు భయం. దాని సంగతి తరువాత చెబుతాను.

ఈ నాలుగింటిలో ఏదైనా సరే, కొట్టడం, మూతిని మూత్రానికి రుద్దడం పూర్తిగా మానుకోవాలి. మనం ఆఫీసు నుంచి వచ్చి చూసి తిట్టేసరికి, పోసిన పనికీ తిట్టుకూ ఉన్న సంబంధం కుక్కకు అందదు. తప్పు తెలిసే తల వంచుకున్నదనడానికీ ఆధారం లేదు. అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే పరిశోధకురాలు 2009లో ప్రచురించిన ప్రయోగంలో, ఆ తప్పుచేసిన ముఖం తప్పు చేసిన కుక్కలలో కాక, యజమాని గద్దించిన కుక్కలలో ఎక్కువగా కనిపించింది. ఇప్పటికే బెదిరి ఉన్న కుక్కను కొడితే అది నేర్చుకునేది ఒక్కటే: మనుషుల ముందు పోయకూడదని. ఆ తరువాత అది గొలుసు పట్టుకున్న మన ముందు బయట కూడా పోయదు, మంచం కిందికి పోయి పోస్తుంది.

మొదటి వారం

ఇల్లంతా ఒక్కసారిగా దానికి అప్పగించకూడదు. మనుషులు మసిలే గదిలో ఒక మూల, వీలైతే గోడకు ఆనుకొని, దాని పాత గోనెపట్టానో దుప్పటినో ఉతకకుండా పరచాలి. కొత్త ఇంటికి కొత్త పరుపు కొనాలనిపించడం సహజమే గాని, పాత వాసన ఉన్న చిరుగుల బొంతే ఇప్పుడు దానికి ధైర్యం ఇస్తుంది. తిండి గిన్నె, నీళ్ల గిన్నె, గొలుసు కూడా పాతవే ఉండాలి. మిగతా గదుల తలుపులు వేసి ఉంచాలి. తలుపు లేని చోట అడ్డంగా బల్లనో ప్లైవుడ్ ముక్కనో పెట్టవచ్చు. మనం కనిపెట్టి ఉండలేని సమయంలో గొలుసు ఒక కొస నడుముకు కట్టుకొని పని చేసుకోవడం మంచి పద్ధతి, ఎందుకంటే అది నేల వాసన చూస్తూ గుండ్రంగా తిరగడం మొదలుపెట్టిన క్షణమే మనకు తెలిసిపోతుంది.

తిండి వేళలు పాత ఇంట్లో ఎట్లా ఉన్నవో అట్లాగే ఉంచాలి. జొన్న రొట్టె, పెరుగన్నం తిన్న కుక్కకు పట్నం వచ్చాము గదా అని ఒకేసారి ప్యాకెట్ తిండి పెడితే కడుపు చెడి, మూత్రంతో పాటు మలం కూడా ఇంట్లోనే అవుతుంది. మార్చదలచుకుంటే వారం రోజుల్లో కొంచెం కొంచెంగా కలుపుతూ మార్చాలి. ఇల్లు మారిన ఒత్తిడి వల్లనే జిగురుతో కూడిన పలుచటి విరేచనాలు ఒకటి రెండు రోజులు కావచ్చు. అంతకు మించితే డాక్టరుకు చూపించాలి.

గృహప్రవేశం నాడు కుక్కను ఆ ఇంటికి తీసుకుపోకపోవడమే మేలు. హోమం పొగ, చుట్టాల సందడి, దావతు హడావిడి మధ్య దానికి కొత్త ఇంటితో మొదటి పరిచయం భయంతోనే జరుగుతుంది. తప్పనిసరై తెస్తే తలుపు వేసిన గదిలో ఉంచాలి, పిల్లలు దానికి పాయసం పెట్టకుండా చూడాలి. అందులోని కిస్మిస్ కుక్కల మూత్రపిండాలను దెబ్బతీయగలదు. మటన్ కూరలోని ఉల్లిగడ్డ, ఉడికిన బొక్కలు కూడా పెట్టకూడదు.

బయటి చోటు నేర్పడం

పెద్ద కుక్కకైనా మళ్లీ పిల్లకు నేర్పినట్టే మొదటి నుంచి నేర్పాలి. ముందుగా ఒకే ఒక్క చోటు ఎంచుకోవాలి. అది ఇంటికి దగ్గరగా, కాస్త మట్టి గాని ఇసుక గాని ఉండి, వాహనాల రద్దీ లేనిదై ఉండాలి. పొద్దున్నే సాన్పు చల్లి ముగ్గు వేసే వాకిలిని ఎంచుకుంటే ప్రతి రోజూ దాని వాసన కొట్టుకుపోతుంది, ఇంట్లో ఆడవాళ్ల కోపం అదనం. పాత ఇంట్లో కుక్క పోసే చోటి నుంచి ఒక సంచెడు మట్టి తెచ్చి ఈ కొత్త చోట పోయడం ఎంతో ఉపయోగపడే పని. అప్పటికే ఇల్లు ఖాళీ చేసి వచ్చి ఉంటే, ఇంట్లో పోసిన మూత్రాన్ని అద్దిన పాత గుడ్డను తెచ్చి అక్కడ రాయి కింద పెట్టినా సరిపోతుంది.

నిద్ర లేచిన వెంటనే, తిన్న తరువాత 15 నుంచి 30 నిమిషాల లోపు, ఆడిన తరువాత, రాత్రి పడుకోబోయే ముందు తప్పనిసరిగా తీసుకుపోవాలి. మిగతా సమయంలో మొదటి వారం రెండు మూడు గంటలకు ఒకసారి తీసుకుపోవడం మంచిది. చిన్న పిల్ల అయితే ఎన్ని నెలల వయసో సుమారుగా అన్ని గంటలే ఆపుకోగలదు. ప్రతిసారీ గొలుసు వేసి, అదే దారిన, అదే చోటికి పోయి, కదలకుండా నిలబడాలి. ఫోనులో మాట్లాడుతూ అటూ ఇటూ నడిస్తే అది మన వెంట నడుస్తుందే తప్ప పని కానివ్వదు. "సుస్సు పో" వంటి ఒక మాట నిర్ణయించుకొని, ఇంట్లో అందరూ అదే మాటను మెల్లగా ఒకటి రెండు సార్లు అనాలి. అది పోసి ముగించిన మరుక్షణం, అక్కడే నిలబడి, జేబులో ఉన్న ఉడికిన కోడిగుడ్డు ముక్కనో ఉప్పూ కారం లేని చికెన్ ముక్కనో నోటికి అందించి మెచ్చుకోవాలి. ఇంట్లోకి వచ్చి పెడితే అది లోపలికి వచ్చినందుకు బహుమతి అవుతుంది. పోయగానే వెనక్కి లాక్కొచ్చేయడం కూడా సరి కాదు. పోస్తే షికారు ముగిసిపోతుందని గ్రహించిన కుక్క బయట ఉండటానికి బిగబట్టుకోవడం అలవాటు చేసుకుంటుంది. కాబట్టి ముందు పని, తరువాత కొద్దిసేపు నడక.

ఐదు పది నిమిషాలు నిలబడినా పోయకపోతే ఏం చేయాలన్నదే అసలు కీలకం. చాలామంది విసుగొచ్చి లోపలికి తెచ్చి గొలుసు విప్పేస్తారు, రెండు నిమిషాల్లో అది హాల్లో పోస్తుంది. లోపలికి తెచ్చినా గొలుసు విప్పకుండా పక్కనే కూర్చోబెట్టుకొని, పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ అదే చోటికి తీసుకుపోవాలి. పోసే వరకు ఇంట్లో స్వేచ్ఛ ఇవ్వకూడదు. ఇంట్లో పోస్తూ కళ్ల ముందు దొరికితే అరవకుండా చప్పట్లు ఒకసారి తట్టి, వెంటనే బయటికి తీసుకుపోవాలి. చప్పట్లకే వణికే కుక్కయితే అదీ వద్దు.

ఇంట్లో పోయకుండా ఉంటుందని నీళ్లు తగ్గించడం కొందరు చేసే పని. ఎండాకాలంలో 44 డిగ్రీలు దాటే మన ప్రాంతంలో ఇది ప్రమాదం. నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి.

మెట్లు, వీధి, ఎండ

నేల మీది ఇంట్లో పెరిగిన కుక్క మొదటి అంతస్తుకు మారినప్పుడు, మూత్రం కంటే ముందు మెట్ల గురించి ఆలోచించాలి. మధ్యలో సందులుండి కిందికి నేల కనిపించే ఇనుప మెట్లను, గోళ్లు జారే గ్రానైట్ మెట్లను అది ఎక్కడమో దిగడమో ఇష్టపడక తలుపు దగ్గరకే రాదు. ప్రతి మెట్టు మీదా గోనెసంచి మడతపెట్టి, జారకుండా రెండు వైపులా టేపుతో అంటించి, అన్నింటికంటే పై మెట్టు మీద మొదట ఒక తినుబండారం పెట్టాలి. అది తీసుకున్నాక రెండవ మెట్టు, తరువాత మూడవది. ఒక పూట రెండు మూడు మెట్లకు మించి తొందరపడకూడదు. ముందరి కాళ్లు కింది మెట్టు మీద పెట్టి, వెనుక కాళ్లు రానివ్వక, ఒళ్లు సాగదీసి ముక్కు మాత్రం ముందుకు చాపిందంటే అది ఇంకా సిద్ధంగా లేదు. గొలుసుతో కిందికి గుంజితే ఒక్కసారి జారిన భయం నెలల తరబడి నిలిచిపోతుంది. చిన్న కుక్కలను అంతవరకు ఎత్తుకొని దింపవచ్చు.

వీధి కుక్కల సంగతి చూద్దాం. అవి గుంపుగా తిరిగే వేళలు ప్రతి గల్లీకి వేరుగా ఉంటాయి. రెండు రోజులు గమనిస్తే, చికెన్ సెంటర్ మూసే సమయమో, చెత్తబండి వచ్చే సమయమో తెలిసిపోతుంది. ఆ వేళలు తప్పించి తీసుకుపోవాలి. అయినా కుదరకపోతే డాబా మీద ఒక మూల వెడల్పాటి ప్లాస్టిక్ తొట్టిలో నాలుగైదు అంగుళాల ఎర్రమట్టో ఇసుకో పోసి తాత్కాలికంగా అక్కడే అలవాటు చేయవచ్చు. దానికి ఇంటి ఓనరు అనుమతి ముందే తీసుకోవాలి, మట్టి తరచూ మార్చాలి. గేటు ముందు నీలం రంగు నీళ్ల సీసాలు వేలాడదీస్తే కుక్కలు రావన్న నమ్మకం మన వీధుల్లో బలంగా ఉన్నది గాని, ఆ సీసాల పక్కనే కాలెత్తే కుక్కలను ఎవరైనా చూడవచ్చు.

ఎండాకాలంలో తారు రోడ్డు, సిమెంటు నేల సాయంత్రం దాకా కాలుతూనే ఉంటాయి. అరచేతి వెనుక భాగాన్ని నేల మీద 7 సెకన్లు ఆనించలేకపోతే కుక్క పాదాలూ భరించలేవు. పాదాలు కాలిన కుక్క ఆ చోటునే వదిలేస్తుంది కాబట్టి, ఆ నెలల్లో ఎంచుకునే చోటు నీడలో ఉండాలి.

శుభ్రం చేయడం

మన ముక్కుకు వాసన పోయినా కుక్క ముక్కుకు పోదు. వాసన మిగిలిన చోట అది మళ్లీ పోస్తుంది. ముందు పాత గుడ్డతోనో న్యూస్‌పేపరుతోనో అద్ది తీయాలి, రుద్దకూడదు. తరువాత చల్లటి నీళ్లతో కడిగి, పెంపుడు జంతువుల మూత్రం కోసమే అమ్మే ఎంజైము ద్రావణం పోసి, డబ్బా మీద రాసినంత సేపు తడిగా వదిలేయాలి. ఆన్‌లైనులో ఇవి దొరుకుతాయి. అందుబాటులో లేకపోతే ఎంజైములున్న బట్టల సబ్బు పొడిని నీళ్లలో కలిపి వాడి, బాగా కడిగేయవచ్చు. పాత మరకలు ఎక్కడున్నవో తెలియకపోతే, రాత్రి లైట్లన్నీ ఆర్పి, దొంగనోట్లు పరీక్షించే ఊదారంగు టార్చితో చూస్తే చాలావరకు మెరుస్తూ కనిపిస్తాయి.

మన వైపు చాలా ఇళ్లలో ఉండే షాబాదు, తాండూరు బండల గురించి ప్రత్యేకంగా చెప్పవలసి ఉన్నది. అవి సున్నపురాయి. వెనిగర్ పోసినా, బాత్‌రూం యాసిడ్ పోసినా పైపొర నురుగుకట్టి కరిగి, గరుకై, ఆ తరువాత మూత్రాన్ని ఇంకా ఎక్కువ పీల్చుకుంటుంది. టైల్సు మీద నీళ్లు కలిపిన వెనిగర్ వాడవచ్చు గాని ఈ బండల మీద వద్దు. బండల మధ్య సందులలో సిమెంటు రాలిపోయి ఉంటే మూత్రం కిందికి దిగి, ఎంత కడిగినా వాన పడిన రోజు వాసన కొడుతుంది. సందులు శుభ్రపరచి, ఆరిన తరువాత తెల్ల సిమెంటుతో పూడ్పించడమే దానికి మార్గం.

ఫినాయిల్ వాసన మూత్రపు వాసనను మనకు కప్పుతుంది, కుక్కకు కాదు. నల్ల ఫినాయిల్‌ను పాదాలతో తొక్కి నాకితే విషమవుతుంది. బ్లీచింగ్ పౌడరును యాసిడ్‌తో గాని మూత్రంతో గాని కలవనివ్వకూడదు, ఊపిరికి హాని చేసే వాయువులు వెలువడతాయి. మూలల్లో కలరా ఉండలు పెట్టడం, కారం చల్లడం కూడా మానాలి. కలరా ఉండ మింగితే కుక్క ప్రాణానికే ముప్పు.

ఒంటరిగా ఉన్నప్పుడే జరిగితే

పాత ఫోనును అలమరలో పెట్టి వీడియో తీసి, మనం పోయిన మొదటి అరగంట చూడాలి. తలుపు గీకడం, ఆగకుండా ఊళపెట్టడం, చొల్లు కార్చడం, ఒగర్చడం, వాటి మధ్య మూత్రం పోయడం కనిపిస్తే అది బెంగ. అటువంటప్పుడు గదిలో బంధించి పోతే మరింత బెదురుతుంది. చెప్పులు వేసుకొని, తాళంచెవులు చప్పుడు చేసి, బయటకు పోకుండా మళ్లీ కూర్చోవడం రోజూ చేస్తూ ఉంటే ఆ చప్పుళ్లకు భయం సడలుతుంది. తరువాత తలుపు బయట కొన్ని సెకన్లు, ఆ పైన నిమిషం, ఐదు నిమిషాలు, అది కంగారుపడకముందే తిరిగి వస్తూ మెల్లగా పెంచాలి. ఈ సాధన నడిచే రోజుల్లో దానిని ఎక్కువసేపు ఒంటరిగా వదలకుండా, పక్కింటి పెద్దమ్మనో చుట్టాలనో కూర్చోబెట్టుకోవడం అవసరం. తీవ్రంగా ఉంటే ఫ్లూఓక్సెటిన్, క్లోమిప్రమిన్ వంటి మందులు పశువైద్యులు రాస్తారు. అవి పని చేయడానికి వారాలు పడుతుంది, సాధనతో కలిపితేనే ఫలిస్తాయి. మనుషుల నిద్రమాత్రలను సొంతంగా ఇవ్వకూడదు.

సడలించడం

రెండు వారాలు వరుసగా ఇంట్లో ఒక్కసారి కూడా పోయకపోతే ఒక గది అదనంగా తెరవవచ్చు. అక్కడ కొద్దిరోజులు గడిచాక ఇంకొకటి. గది తెరిచిన రోజు అందులోనే కాసేపు తిండి పెట్టి, ఆడించితే అదీ తన ఇల్లేనని త్వరగా గుర్తిస్తుంది. తిరిగి పోసిందంటే ఒక మెట్టు వెనక్కి పోవాలి, అంతకు మించి కంగారు అక్కరలేదు.

వినాయక నిమజ్జనం డీజేలకు, దీపావళి పటాకులకు కుదురుకున్న కుక్క కూడా తడబడుతుంది. ఆ రోజుల్లో చీకటి పడకముందే బయట పని ముగించి, మళ్లీ మూడు నాలుగు రోజులు ఒకే గది పద్ధతికి మారాలి. తీసుకుపోయేటప్పుడు మెడ పట్టీ ఊడిరాకుండా బిగుతుగా ఉన్నదో లేదో చూసి, పట్టీ మీద మన ఫోను నంబరు రాయాలి, ఎందుకంటే కొత్త వీధిలో బెదిరి తప్పించుకున్న కుక్కకు ఇంటికి తిరిగి వచ్చే దారి ఇంకా తెలియదు.